జట్టు మారితే జట్టు పోతుందా?

తెలుగులో జట్టు అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఆటలో ఒక పక్కన నిలబడి ఆడేవాళ్ళంతా ఒక జట్టు. స్నేహం కూడా జట్టే. "వాడూ నేనూ జట్టు" అంటే మేమిద్దరం స్నేహితులం అని. అలిగిన పిల్లవాడు "పో, నీతో నాకు జట్టు లేదు" అంటాడు. మా బడిలో పిల్లలు ఈ మాట రోజుకు పదిసార్లు అంటారు. సాయంత్రం ఆట మొదలయ్యేసరికి మరిచిపోతారు. మరిచిపోలేనిది పెద్దవాళ్ళమే.

ఇరవై ఏళ్ళకు పైగా ఆశ్రమ పాఠశాలల్లో పాఠాలు చెబుతూ, సాయంత్రాలు పిల్లలను ఆడిస్తూ ఉన్న మాకు ఈ రెండు అర్థాల మధ్య ఉన్న చిక్కు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒక పిల్లవాడు ఒక ఆట జట్టును వదిలి ఇంకో జట్టులోకి వెళితే, స్నేహం అనే జట్టు కూడా పోవాలా? పోతే ఆ తప్పు వెళ్ళినవాడిదా, ఉన్నవాడిదా, లేక వాళ్ళను ఆడించే మనదా? పిల్లల ఆటల సంగతే కదా, దీనికింత ఆలోచన ఎందుకని అనిపించవచ్చు. మాకూ ఒకప్పుడు అలాగే అనిపించింది. తరువాత ఒక ఆట వల్ల రెండు ఇళ్ళు మాట్లాడుకోకుండా పోవడం కళ్ళారా చూశాం. అందులో మా చెయ్యి కూడా ఉంది. అందుకే ఇది రాస్తున్నాం.

భద్రాచలం ఏజెన్సీలో ఒక గుంపు. ముప్పై నలభై ఇళ్ళు ఉంటాయి. అక్కడి నుంచి ఇద్దరు కోయ పిల్లలు మా బడికి వచ్చేవారు. పేర్లు రాయడం లేదు. ఒకడు కూత బాగా పెట్టేవాడు, వాడిని కూతగాడు అందాం. రెండోవాడు అవతలి ఆటగాడి కాలు దొరికితే వదిలేవాడు కాదు, వాడిని పట్టుగాడు అందాం. కూతగాడి తల్లి, పట్టుగాడి తండ్రి తోడబుట్టినవాళ్ళు. అంటే పిల్లలిద్దరూ బావా బామ్మర్దులు. ఒకే మంచం మీద పడుకునేవారు, ఒకే పళ్ళెంలో తినేవారు. ఒకడికి జ్వరం వస్తే రెండోవాడు కూడా బడి మానేసేవాడు. అండర్ 14 కబడ్డీలో వీళ్ళిద్దరి వల్ల మా బడి పేరు మండలం దాటింది.

వాళ్ళు ఏడో తరగతిలో ఉండగా డివిజన్ పోటీల్లో కూతగాడి ఆట చూసి, ఆటలకు మంచి సౌకర్యాలున్న మరో పెద్ద గురుకులం వాళ్ళు వాడిని తీసుకుంటామన్నారు. అక్కడ కబడ్డీ మ్యాట్ ఉంది, శిక్షకుడు ఉన్నాడు, గుడ్లూ పాలూ ఉన్నాయి. మా దగ్గర ఉన్నది గులకరాళ్ళు ఏరిన మట్టి నేల. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. వేసవి సెలవుల తరువాత, జూన్‌లో వాడు అక్కడ చేరాడు.

మేమేం చేశాం? పైకి సంతోషించాం. లోపల మాత్రం కోపం. మూడేళ్ళు మేం నేర్పితే ఫలితం ఇంకొకరు తీసుకుపోయారన్న కోపం. ఆ కోపాన్ని పెద్దవాళ్ళ ముందు చూపలేక పిల్లల ముందు చూపాం. "మీ వాడు మిమ్మల్ని వదిలేసి పోయాడు" అని ఒకసారి అన్నాం. ఆ ఏడాది పోటీల్లో మా జట్టు, వాడి కొత్త జట్టు ఎదురుపడ్డాయి. ఆట మొదలయ్యే ముందు మా పిల్లలను చుట్టూ నిలబెట్టుకుని, "ఇవాళ వాడిని వదలకండి" అన్నాం. ఆ మాట మేం ఆట కోసమే అన్నామని చాలాకాలం మాకు మేమే చెప్పుకున్నాం. పిల్లలు దానిని ఆట కోసం అన్న మాటగా వినలేదు.

రెండో భాగంలో కూతగాడు కూతకు వచ్చినప్పుడు పట్టుగాడు కాలు పట్టాడు. మిగతావాళ్ళు మీద పడ్డారు. కూత ఆగింది, రెఫరీ ఈల వేశాడు, అయినా వెంటనే లేవలేదు. లేచాక చూస్తే కూతగాడి మోకాలు తిరిగిపోయి ఉంది. వాడు ఏడవలేదు. కింద కూర్చుని బామ్మర్ది ముఖంలోకి చూశాడు. పట్టుగాడు తల తిప్పుకున్నాడు. ఆ పోటీలో మేం గెలిచాం.

తరువాత జరిగింది మైదానంలో కాదు, గుంపులో. కూతగాడు రెండు నెలలు ఇంటి దగ్గర కట్టుతో ఉన్నాడు. "నా కొడుకు కాలు విరగ్గొట్టమని మేనమామే చెప్పి పంపాడు" అని తల్లి అంది. "మంచి బడి దొరికిందని మా ముందు గొప్పలు పోయింది ఎవరు?" అని అన్న అన్నాడు. "ఇక మా అన్న ఇంటి గడప తొక్కను" అని ఆమె ఒట్టు పెట్టుకుంది. ఆ ఏడాది మిరప కోతలకు రెండు ఇళ్ళవాళ్ళు వేరువేరు ముఠాల్లో పోయారు. ఎండాకాలం తునికాకు వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ఈ రెండు కుటుంబాలూ తెల్లవారుజామున కలిసే అడవికి పోయేవి. మధ్యాహ్నం ఒకే చెట్టు కింద కూర్చుని యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టేవి. ఆ ఏడు వేరువేరు దారుల్లో పోయాయి. ముసలి తాత ఒక్కడే రెండు ఇళ్ళకూ తిరిగేవాడు. ఆయనకు కొడుకూ కావాలి, కూతురూ కావాలి. ఒక ఇంట్లో తిని రెండో ఇంటికి పోతే, ఆ రోజు అక్కడ ఆయనకు అన్నం పెట్టేవారు కాదు.

విత్తనాల పండుగనాడు గుంపు పెద్దమనుషులు రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టారు. మమ్మల్ని కూడా పిలిచారు. వాళ్ళను ఏం అడుగుతారో అనుకుంటూ వెళ్ళాం. పెద్దాయన ముందు మమ్మల్నే అడిగాడు. "అల్లుడూ, మా పిల్లలిద్దరూ బావా బామ్మర్దులుగా మీ బడికి వచ్చారు. పగవాళ్ళుగా ఎట్లా తిరిగొచ్చారు? మధ్యలో మీరేం నేర్పారు?" మేం ఉపాధ్యాయ శిక్షణలో బాలల మనస్తత్వం చదువుకున్నాం. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. తప్పు మాదేనని అందరి ముందూ ఒప్పుకున్నాం. ఆయన ప్రశ్న ఇప్పటికీ మాలో తిరుగుతూనే ఉంది.

ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే మా చిన్ననాటి ఆటలు గుర్తుకొచ్చాయి. వెన్నెల రాత్రుల్లో చెడుగుడు ఆడేటప్పుడు జట్లు ఎలా వేసుకునేవాళ్ళం? ఇద్దరు పెద్దపిల్లలు నాయకులుగా నిలబడేవారు. మిగతావాళ్ళంతా ఉజ్జీలు కట్టేవాళ్ళం. ఉజ్జీ అంటే బలంలో, ఎత్తులో, ఆటలో సమానంగా ఉన్న ఇద్దరు. ఎప్పుడూ కలిసి తిరిగే ఇద్దరే సాధారణంగా ఉజ్జీ కట్టేవారు. భుజాల మీద చేతులు వేసుకుని చెట్టు చాటుకు పోయి రహస్యంగా పేర్లు పెట్టుకునేవాళ్ళం. ఒకడు ఇప్ప, ఒకడు తునికి. తిరిగి వచ్చి "ఇప్ప కావాలా, తునికి కావాలా?" అని నాయకుడిని అడిగేవాళ్ళం. ఆయన ఇప్ప అంటే ఇప్ప అటు పోయేవాడు, తునికి ఇటు వచ్చేవాడు. మరునాడు మళ్ళీ కొత్త పేర్లు, కొత్త జట్లు.

ఇందులో ఉన్న తెలివి అప్పుడు మాకు తెలియదు. ఈ పద్ధతిలో మన ప్రాణ స్నేహితుడు ఎప్పుడూ ఎదుటి జట్టులోనే ఉంటాడు. మనతో సమానమైనవాడు ఎదురుగా ఉంటేనే ఆట ఆట అవుతుంది. ఎదుటివాడు పగవాడు కాదు, మన ఉజ్జీ. రోజూ జట్టు మారేది కాబట్టి జట్టు మారడం ద్రోహం అనే ఊహ కూడా మాకు రాలేదు. నిన్న మన పక్కన ఉన్నవాడు ఇవాళ అటు ఉంటాడు, రేపు మళ్ళీ ఇటు వస్తాడు. ఆట జట్టు పొద్దు పోయేదాకే. స్నేహం జట్టు పొద్దు పోయాక కూడా ఉండేది.

మన బంధుత్వాల ఏర్పాటు కూడా ఇలాంటిదే. కోయల్లో గట్లు ఉన్నాయి, గోండుల్లో సగలు ఉన్నాయి. ఒకే గట్టు వాళ్ళంతా అన్నదమ్ములు. పెళ్ళి సంబంధం మాత్రం వేరే గట్టుతోనే కలుపుకోవాలి. అంటే మనది కాని పక్షం పగవాళ్ళ పక్షం కాదు, మన మేనమామలు, బావలు, వదినలు ఉండే పక్షం. మనకు పిల్లనిచ్చేది వాళ్ళే, మన పిల్లను చేసుకునేదీ వాళ్ళే. అవతలి పక్షం లేకపోతే మన వంశం ముందుకు పోదు. పుట్టిన గట్టు మారదు, ఆట జట్టు మారుతుంది. మారని దాని మీదే అవతలివాళ్ళతో చుట్టరికం కట్టుకున్న మనం, మారే దాని కోసం చుట్టరికం తెంచుకుంటున్నాం. పెద్దాయన ప్రశ్నలో ఉన్న బాధ ఇదే అనుకుంటాం.

మరి ఇప్పుడు ఏం మారింది? బడి జట్టు వచ్చింది, దానికి రంగు చొక్కా వచ్చింది. మండలం, డివిజన్, జిల్లా, రాష్ట్రం అని మెట్లు వచ్చాయి. గెలిస్తే కప్పు, సర్టిఫికెట్, క్రీడా కోటాలో సీటో ఉద్యోగమో దొరుకుతుందన్న ఆశ. ఊళ్ళ మధ్య వాలీబాల్ పోటీలకు నగదు బహుమతులు కూడా వచ్చాయి. ఇవన్నీ చెడ్డవి అనడం లేదు. మన పిల్లలకు బయటి ప్రపంచం తలుపు తెరిచేవాటిలో ఆట ఒకటి, దానిని మూసుకోమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కాని జట్టుతో పాటు పెద్దవాళ్ళ పరువు కూడా మైదానంలోకి దిగింది. ఉపాధ్యాయుడికి తన బడి రికార్డు, తల్లిదండ్రులకు నలుగురిలో గొప్ప, ఊరికి పక్క ఊరి మీద పైచేయి. పన్నెండేళ్ళ పిల్లవాడు ఇంతమంది పరువు మోస్తూ కూతకు వెళుతున్నాడు. వాడు జట్టు మారితే మనకు అది మన పరువు పక్క బడికి పోయినట్టు కనిపిస్తోంది. అందుకే ద్రోహం అనే పెద్ద మాట వాడుతున్నాం.

ద్రోహం అంటే ఏమిటి? ఇచ్చిన మాట తప్పడం, నమ్మినవాడికి చెడు చేయడం. ఈ ఏడాది పోటీ అయ్యేదాకా ఆడతానని తోటివాళ్ళకు చెప్పి, మధ్యలో చెప్పకుండా పోతే అది తప్పే. పిల్లలకు మాట విలువ నేర్పాలి. కాని మాట చెల్లించాక, అందరికీ చెప్పి పోవడం తప్పెలా అవుతుంది? "మేం నేర్పాం కదా" అంటాం. నేర్పిన విద్య అప్పు కాదు, వడ్డీతో తిరిగి వసూలు చేసుకోవడానికి. తాత మనవడికి విల్లు పట్టడం నేర్పేది తన కోసం కాదు. చెట్టు కింద విత్తనం పడి, వాన నీటికి కొట్టుకుపోయి, వాగు అవతల మొలిస్తే ఆ చెట్టు ఏమీ పోగొట్టుకోలేదు.

మన ఇళ్ళలో ఆడపిల్ల పెళ్ళయి వేరే ఊరు పోతుంది. ఏడుస్తాం, సాగనంపుతాం. ద్రోహం చేసి పోయింది అనం. పండుగకు పిలుస్తాం, అన్నదమ్ములు చీర పెడతారు. పుట్టింటి దారి మూసుకుపోకుండా చూడటం పుట్టింటివాళ్ళ బాధ్యత అని మనకు తెలుసు. ఆట కోసం వెళ్ళే పిల్లవాడికి కూడా ఆ దారే కావాలి. వెళ్ళడం కాదు తప్పు. వెళ్ళినవాడు తిరిగి వచ్చే దారి మూయడం తప్పు. మేం చేసింది అదే.

ఇంతవరకు వెళ్ళినవాడి తరఫున చెప్పాం. ఉండిపోయినవాళ్ళ గురించి కూడా చెప్పకపోతే అన్యాయం. "వాడికి మంచి అవకాశం వచ్చింది, సంతోషించాలి" అని ఉండిపోయిన పిల్లలకు చెప్పడం తేలిక. వాళ్ళు పోగొట్టుకున్నది నిజమైనదే. కబడ్డీలో మైదానంలో ఉండేది ఏడుగురు. ఒకడు వెళితే మిగతా ఆరుగురి ఆట మారిపోతుంది. పైగా "నన్నెందుకు తీసుకోలేదు?" అన్న ప్రశ్న ప్రతి పిల్లవాడి కడుపులో ఉంటుంది, నోటికి రాదు. పట్టుగాడు ఆ రోజు లాగిన కాలులో మా మాట ఒక్కటే లేదు, ఆ ప్రశ్న కూడా ఉంది. దాన్ని ముందే గుర్తించి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడి ఉంటే, వాడి బాధ కోపంగా మారేది కాదేమో.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా బరువైనది. మా బడిలో ఇద్దరు ఖోఖో ఆడే అమ్మాయిలుండేవారు. పక్క పక్క ఇళ్ళవాళ్ళు. పోటీలకు పంపమంటే రెండు ఇళ్ళవాళ్ళూ ఒకటే అనేవారు: "ఆ పిల్ల వస్తే మా పిల్లను పంపుతాం." ఒకరికి ఒకరు తోడు, ధైర్యం. అందులో ఒకమ్మాయికి వేరే బడిలో క్రీడా సీటు వచ్చింది. మేం చప్పట్లు కొట్టి పంపాం. నెల తిరగకుండా రెండో అమ్మాయి ఆట మానేసింది. తోడు లేకుండా పంపం అన్నారు ఇంట్లో. ఏడాది తరువాత చదువు కూడా మానేసింది. ఆ రోజు ఒక అమ్మాయికి తలుపు తెరిచినప్పుడు ఆ తలుపు గాలికే రెండో అమ్మాయి తలుపు మూసుకుంటుందని మేం ఆలోచించలేదు. మొదటి అమ్మాయిని ఆపాలని కాదు. ఆమెను పంపేముందే రెండో అమ్మాయి ఇంటికి వెళ్ళి కూర్చోవలసింది. ఇంకో తోడును చూడవలసింది. ఒక బిడ్డకు మేలు చేసేటప్పుడు "దీనివల్ల వెనకబడేది ఎవరు?" అని అడగడం మన కర్తవ్యం. మన ఊళ్ళలో వేటమాంసం పంచేటప్పుడు వేటకు రాలేని ముసలివాళ్ళ వాటా కూడా తీసేవారు. అవకాశాలు పంచేటప్పుడు ఆ లెక్క మరిచిపోయాం.

వెళ్ళిన పిల్లలకు అంతా సుఖమే అనుకోవడం కూడా పొరపాటు. కొత్త చోట జట్టు ఉంటుంది కాని జట్టు ఉండదు. అంటే ఆటగాళ్ళుంటారు, స్నేహితులుండరు. రాత్రి పడుకునేటప్పుడు కోయలోనో గోండిలోనో నాలుగు మాటలు మాట్లాడుకునే వాళ్ళుండరు. హైదరాబాద్ దగ్గర హకీంపేటలోని క్రీడా పాఠశాలలో పరుగు, దూకుడు, బంతి విసరడం వంటి పరీక్షలు పెట్టి పిల్లలను నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. అంటే ఎనిమిదీ తొమ్మిదేళ్ళ వయసు. గిరిజన పిల్లల కోసం కిన్నెరసాని, ఉట్నూరు వంటి చోట్ల క్రీడా పాఠశాలలు వచ్చాక కొందరు కొంత దగ్గరలోనే ఉండగలుగుతున్నారు. అది మంచిదే. అయినా ఆ వయసు పిల్లకు ఇల్లు వదలడం చిన్న విషయం కాదు. ఇంట్లో కూడా లెక్కలు మారతాయి. పిల్లను చూడటానికి పోవాలంటే బస్సు చార్జీలు, పోయిన కూలి రోజులు. ఇంటి దగ్గర ఉన్న తమ్ముడు "అక్కకు బూట్లు కొన్నారు, నాకు పలక కూడా కొనలేదు" అంటాడు. ఆ మాటను అసూయ అని కొట్టిపారేయకూడదు. ఇంట్లో ఉన్నది పంచుకునే చోట ఎవరి వాటా ఎంత అని వాడు అడుగుతున్నాడు.

అయితే ఎవరు నిర్ణయించాలి? తల్లిదండ్రులా, సార్లా, పిల్లవాడా? 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లో చేరింది. అందులో 31వ అధికరణం పిల్లలకు ఆడుకునే హక్కు ఉందంటుంది. 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందనీ, వయసుకూ పరిణతికీ తగినట్టు దానికి విలువ ఇవ్వాలనీ అంటుంది. ఇదేమీ మనకు కొత్త కాదు. మన పంచాయతీల్లో వయసు చిన్నదైనా ఎవరి విషయమో వాళ్ళను అడిగేవారు. కాని మేం కూతగాడిని అడిగామా? "వెళతావు కదా?" అన్నాం. అది అడగడం కాదు. అందరి ముందు, సారు నోటి నుంచి వచ్చిన "కదా"కు పిల్లవాడు కాదనలేడు. ఒంటరిగా, వాడి భాషలో, "వెళ్ళకపోయినా మాకు కోపం రాదు" అని ముందే చెప్పి అడిగితేనే అది అడగడం.

దూరం వెళ్ళి కూడా తనవాళ్ళకు దూరం కానివాళ్ళు మన ఆదివాసుల్లో ఉన్నారు. ముండా తెగలో పుట్టిన జైపాల్ సింగ్ రాంచీ ప్రాంతపు పల్లె నుంచి ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్ళాడు. అక్కడి విశ్వవిద్యాలయం తరఫున హాకీ ఆడాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత హాకీ జట్టుకు కెప్టెన్ ఆయనే. ఎన్ని జట్లు మారాడో! అయినా తిరిగి వచ్చి ఆదివాసీ మహాసభకు నాయకత్వం వహించాడు. 1946లో రాజ్యాంగ సభలో నిలబడి తాను అడవివాడినని గర్వంగా చెప్పుకున్నాడు. ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా పల్లె నుంచి వచ్చిన దిలీప్ టిర్కీ మూడు ఒలింపిక్స్ ఆడి దేశ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఆ ప్రాంతంలో, పక్కనున్న జార్ఖండ్‌లోని సిమ్‌డేగా వైపూ ఊళ్ళ మధ్య హాకీ పోటీలు జరుగుతాయి. గెలిచినవాళ్ళకు మేకపోతు బహుమతి. కప్పు అయితే ఒక ఇంట్లో అల్మారాలో ఉంటుంది. మేకపోతును మాత్రం కలిసి కూర్చుని తినాల్సిందే. అక్కడి నుంచి పెద్ద జట్లకు వెళ్ళినవాళ్ళు ఎందరో ఉన్నారు. వెళ్ళడం, తిరిగి వచ్చి పంక్తిలో కూర్చోవడం రెండూ ఒకదానికొకటి అడ్డు కావు.

కాని ఒకటి గమనించాలి. తిరిగి రావడం వెళ్ళినవాడి ఒక్కడి చేతిలో లేదు. వాడికి మరుపు రాకూడదు, ఇక్కడివాళ్ళకు పంతం ఉండకూడదు. రెండూ కలిస్తేనే దారి నిలుస్తుంది.

ఇప్పుడు మా బడిలో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఎవరైనా వేరే జట్టుకు వెళుతుంటే వెళ్ళేముందు ఒక ఆట పెడతాం. వెళ్ళే పిల్లవాడు మొదటి భాగం పాత జట్టుతో, రెండో భాగం ఎదుటి జట్టుతో ఆడతాడు. పిల్లలకు అది నవ్వులాట. కాని అవతలి వైపు నిలబడ్డ మనవాడు మనవాడే అని వాళ్ళ కళ్ళు ఒకసారి చూస్తాయి. గోడ మీద రాసిన జట్టు పేర్లలో వాడి పేరు కొట్టేయం. ఆ వారంలోనే వాడి దగ్గరి స్నేహితుడి ఇంటికి వెళతాం. పోటీల్లో పాత స్నేహితులు ఎదురుపడితే ఆట ముందు, ఆట తరువాత కలిసి కూర్చోబెడతాం. "వాడిని వదలకండి" అన్న మాట మా నోట మళ్ళీ రాలేదు. ఇవి పెద్ద పనులు కావు, ఖర్చు లేనివి. ముందే చేసి ఉంటే ఒక మోకాలు, రెండు ఇళ్ళు బాగుండేవి.

యువకులకు ఒక మాట. మీరు ఊళ్ళ పోటీల్లో ఆడతారు, ఒక్కోసారి డబ్బుకు పక్క ఊరి జట్టులో కూడా ఆడతారు. మీ అన్న ఇటు, మీరు అటు ఉండవచ్చు. ఆడండి. ఆటలో మాత్రం తగ్గకండి, ఎందుకంటే ఎదుటివాడికి మీరిచ్చే గౌరవం మీ పూర్తి బలంతో ఆడటమే. కాని ఈల మోగాక కాలు వదలండి. తల్లిదండ్రులకు ఒక మాట. మీ బిడ్డ ఎంపికైతే ఆ కబురు ముందు ఎంపిక కాని బిడ్డ ఇంటికి వెళ్ళి నెమ్మదిగా చెప్పండి, వేరేవాళ్ళ నోట విననివ్వకండి. తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. మన కోపాన్ని పిల్లల కాళ్ళతో ఆడించవద్దు.

చెడుగుడులో ఒక మంచి నియమం ఉంది. అవుటై బయట కూర్చున్నవాడు అక్కడే ఉండిపోడు. తన జట్టు అవతలివాళ్ళను అవుట్ చేసినప్పుడు, ముందు పోయినవాడు ముందు లేచి వస్తాడు. పిల్లలు దాన్ని "బతకడం" అంటారు. బంధాల్లో కూడా పోయినవాళ్ళు తిరిగి బతకవచ్చు. కాని దానికి లోపల ఉన్నవాళ్ళు ఏదో ఒకటి చేయాలి. ఊరికే కూర్చుంటే ఎవరూ బతకరు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆ గుంపుకు వెళ్ళాం. కూతగాడు ఇంటికి వచ్చి ఉన్నాడు. మోకాలు నయమైంది, చలికాలం మాత్రం లాగుతుందట. సాయంత్రం పిల్లలు చెడుగుడుకు చేరారు. మేం బడి పద్ధతి వద్దని ఉజ్జీలు కట్టమన్నాం. చిన్నవాళ్ళకు ఆ పద్ధతి తెలియదు, చూపించాల్సి వచ్చింది. కూతగాడు కాసేపు ఒంటరిగా నిలబడ్డాడు. పట్టుగాడు వచ్చి ఏమీ మాట్లాడకుండా వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ చింతచెట్టు చాటుకు పోయి వచ్చారు. వచ్చి చెరో జట్టుకు పోయారు.

కూతగాడి తల్లి ఇప్పుడు అన్న ఇంటికి వెళుతోంది. మునుపటిలా రోజూ కాదు, పండుగకూ పబ్బానికీ. తునికాకుకు మాత్రం ఈ ఏడు కలిసి పోదామని అనుకుంటున్నారట. పట్టుగాడి తండ్రి మాతో ఇంకా ముభావంగానే ఉంటాడు. దానికి ఆయనకు హక్కు ఉంది. పిల్లలు ఒక్క సాయంత్రంలో కట్టుకున్న జట్టును పెద్దవాళ్ళం కట్టుకోవడానికి కొన్నేళ్ళు పడుతుంది. అందుకే ముందే తెగకుండా చూసుకోవడం మంచిది.